సంక్రాంతికి ఏడుగురు పిల్లలు, మూడు వేల రూపాయలు: ఏం కొనమంటారు?

సత్యనారాయణపురం కోడలు

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. ఏటా సంక్రాంతికి తెనాలి దగ్గర మా అత్తగారి ఊరు వెళ్తాం. అక్కడ మొత్తం ఏడుగురు పిల్లలు పోగవుతారు. మావాళ్ళు ఇద్దరు (పాపకు 6, బాబుకు 9), మా ఆడపడుచు పిల్లలు ఇద్దరు (4, 11), బెంగళూరు నుంచి వచ్చే మా బావగారి పిల్లలు ఇద్దరు (7, 12), ఇక మా మరిది కొడుకు, వాడికి ఇంకా రెండేళ్ళే.

పోయినేడు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. మా బాబు నెలరోజులు ప్రాణం తీస్తే 1,450 పెట్టి ఆన్‌లైన్‌లో రిమోట్ కారు కొన్నాను, మిగతావాళ్ళకు తలా రెండు వందల్లో ప్లాస్టిక్ బొమ్మలు తీసుకెళ్ళాను. ఏడుగురు పిల్లలు, ఒక్క రిమోట్. భోగి సాయంత్రానికే కొట్లాట. పెద్దవాడు బ్యాటరీలు పీకి ధాన్యం బస్తాల వెనక దాచేశాడు, అవి ఉగాదికి దొరికాయట. ప్లాస్టిక్ లారీల చక్రాలు కనుమ దాకా కూడా నిలవలేదు. అంతా కలిపి మూడు వేలకు కొంచెం తక్కువే అయింది, కానీ ఆ డబ్బు ఎటు పోయిందంటే చెప్పలేను.

ఈసారి కూడా మూడు వేలే, దాటితే ఫిబ్రవరిలో ఫీజు టర్ము దగ్గర ఇబ్బంది. పిల్లలు నాలుగు రోజులు ఫోన్లు అడక్కుండా ఆడుకునేవి ఏమున్నాయి? ఇంకో మాట, దాచిపెట్టడం ఎందుకు, మా తోడికోడలు ఏటా ఖరీదైనవి తెస్తుంది. నావి చూసి పిసినారిదనుకుంటారేమోనని కూడా ఉంది.

కృష్ణలంక బుజ్జి

మూడు వేలను ఏడుగురికి పంచితే తలకు 428 రూపాయలు. 428కి రిమోట్ కార్లలో, బార్బీల్లో వచ్చేదంతా చెత్తే అండీ, డబ్బా మీద బొమ్మ బాగుంటుంది, లోపల సరుకుండదు. మీరు పోయినేడు దెబ్బతిన్నది అక్కడే. ఇంటికెళ్ళాక ఒక్కొక్కరు ఒక్కోటి పట్టుకుని మూల కూర్చునేవి కాకుండా, గుంపంతా కలిసి ఆడే వస్తువులు రెండో మూడో కొనండి, డబ్బు అక్కడ పెట్టండి. నాలుగు షటిల్ బ్యాట్లు, ఓ డజను కాక్‌లు. క్యారమ్ బోర్డు అనుకుంటే మాత్రం ఆ చిన్నవి కొనకండి, స్ట్రైకర్ కొడితే కాయిన్ గుమ్మం దాటుతుంది. పెద్ద బోర్డు కొత్తది మీ బడ్జెట్‌లో రాదు. ఊళ్ళో ఎవరింట్లోనో అటక మీద కచ్చితంగా ఒకటి ఉంటుంది, మీ మామగారినడగండి, పౌడర్ డబ్బా మాత్రం మీరు తీసుకెళ్ళండి.

కొనేది బీసెంట్ రోడ్డులో అయితే పండక్కి పది రోజుల ముందే వెళ్ళండి. భోగి ముందు రోజు వెళ్తే జనంలో ఊపిరాడదు, బేరమూ ఆడలేరు, వాడు చెప్పిందే ధర. ఒకేరకం వస్తువు అరడజను కావాలంటే వన్ టౌన్ వైపు హోల్‌సేల్ కొట్లు చూడండి.

తోడికోడలి సంగతి నన్నడిగితే, ఆ బొమ్మ పిల్లల కోసమా ఆవిడ కోసమా ముందు తేల్చుకోండి. కోపం తెచ్చుకోకండి, మా ఇంట్లోనూ ఇదే గోల.

సత్యనారాయణపురం కోడలు

కోపమేం లేదు, నిజమే అన్నారు. క్యారమ్ సంగతి మామగారినడుగుతాను.

రాత్రి డ్యూటీ

పిల్లల వార్డులో పనిచేస్తాను, కాబట్టి పండగపూట అశుభం పలుకుతున్నానని అనుకోకుండా వినండి. మీ గుంపులో రెండేళ్ళవాడున్నాడు. పన్నెండేళ్ళవాడి బొమ్మ రెండేళ్ళవాడి నోట్లోకి వెళ్తుంది, ఉమ్మడి ఇంట్లో జరిగేది ఇదే.

అన్నిటికంటే నాకు భయం బటన్ బ్యాటరీ (బిళ్ళలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీ) అంటే. పాటలు పాడే బొమ్మలు, లైట్లు వెలిగే బొంగరాలు, చిన్న రిమోట్లు, చాలావాటిలో అవే ఉంటాయి. మింగితే గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగాడని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా, విరేచనంలో పడిపోతుందిలే అని చూడకుండా, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరిగెత్తాలి. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ అసలు కొనొద్దు. తర్వాత గుండ్రటి చిన్న అయస్కాంతాలు, అవి రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పగిలిన బుడగ ముక్కలు కూడా ప్రమాదమే, వెంటనే ఏరి పారెయ్యండి.

సైజు ఎలా చూడాలంటే, మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. మన పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు. అంటే పది రూపాయల బిళ్ళకంటే కాస్త పెద్దగా ఉన్న గొట్టంలో దూరిపోయే ఏ వస్తువైనా వాడికి అందకూడదు. గోలీలు, గవ్వలు, చింతగింజలు అన్నీ ఇందులోకే వస్తాయి. ముక్కులో చింతగింజ పెట్టుకుని వచ్చిన పిల్లల్ని ఎంతమందిని చూశానో! అది తడికి ఉబ్బుతుంది, ఇంట్లో హెయిర్‌పిన్నుతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది.

రెండేళ్ళవాడికి కొనడమే దండగ. రెండు స్టీలు గిన్నెలు, ఒక గరిటె, పాత చీర ముక్కలు చుట్టి కుట్టిన బంతి. బంతి లోపల గింజలు, పూసలు మాత్రం పెట్టకండి.

పొనికి చెక్క

మాది ఇబ్రహీంపట్నం. పక్కనే కొండపల్లి పెట్టుకుని ప్లాస్టిక్ కొంటారేంటండీ? విజయవాడ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. ఆదివారం పిల్లలిద్దర్నీ తీసుకుని రండి, పొద్దున ఖిల్లా ఎక్కించి, దిగాక బొమ్మల కాలనీలోకి వెళ్ళండి. అరుగుల మీదే పని జరుగుతుంటుంది. తెల్ల పొనికి అనే మెత్తటి చెక్క, బాగా ఆరబెట్టింది, చేతికి తీసుకుంటే బరువే ఉండదు. కాళ్ళు వేరు, చేతులు వేరు, తల వేరు చెక్కుతారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికి, ఆరాక రంగులేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు సెట్లు మీ బడ్జెట్ దాటిపోతాయి కానీ, చిన్న ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, రోట్లో దంచే ఆడవాళ్ళు, ఇవి చిన్న సైజులో అందుబాటులోనే ఉంటాయి. చేసిన మనిషి దగ్గరే కొంటే ధరలోనూ తేడా, పిల్లలకు ఆ బొమ్మ ఎలా పుట్టిందో కూడా తెలుస్తుంది. దీనికి భౌగోళిక గుర్తింపు (ఊరి పేరు మీద సరుకుకిచ్చే జీఐ) కూడా ఎప్పుడో వచ్చింది.

బ్రాడీపేట మూడో లైను

పొనికి చెక్క గారూ, మీ ఊరి మీద గౌరవంతోనే చెప్తున్నా. కొండపల్లి బొమ్మ చూడటానికి బొమ్మ, ఆడటానికి కాదు. మావాడికి నాలుగేళ్ళప్పుడు ఏనుగు తెచ్చాం, సాయంత్రానికి తొండం ఒకచోట, మావటివాడు ఒకచోట. వాడి తప్పేముంది, బొమ్మంటే ఈడ్చుకుపోవాలి, గోడకేసి గుద్దాలి. పైగా చాలామంది ఇప్పుడు ఎనామిల్ రంగులేస్తున్నారు, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అది ఇవ్వకూడదు.

ఆడుకోవడానికైతే ఏటికొప్పాక లక్క బొమ్మలు. అంకుడు చెక్కను తరిమెన మీద తిప్పుతూ లక్క కడ్డీ అదిమితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. పసుపు, నీలిమందు లాంటి సహజ రంగులు వాడే పద్ధతి అక్కడ ఉంది, మూలలు గుండ్రంగా ఉంటాయి, కిందపడ్డా ఏం కాదు. ఆరేళ్ళ పాపకు, నాలుగేళ్ళ పిల్లకు కలిపి ఒక లక్కపిడతల సెట్టు కొనండి. పొయ్యి, బిందె, తిరగలి, చెంబు అన్నీ ఉంటాయి, పప్పు బియ్యం వేసి వండుకుంటారు. మగపిల్లలు కూడా కూర్చుంటారు, సిగ్గుపడేది పెద్దవాళ్ళే. అనకాపల్లి జిల్లా దాకా పోనక్కర్లేదు, ప్రభుత్వ హస్తకళల లేపాక్షి షోరూముల్లో దొరుకుతాయి. ఎగ్జిబిషన్లలో అయితే సరుకు ఎక్కువ, కానీ లక్కలాగే కనిపించే పెయింటు బొమ్మలు కూడా కలిసిపోతాయి, చూసుకోవాలి.

పొనికి చెక్క

తొండం విరిగిందంటే ఒప్పుకుంటా, మెత్తటి చెక్క మరి. అందుకే దాన్ని ఆడే బొమ్మగా కాకుండా కొలువు బొమ్మగా కొనమంటా. మీ అత్తగారింట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారా? పెడితే ఏడాదికి ఒక్క కొండపల్లి బొమ్మ, పిల్లలంతా కలిసి ఎంచుకున్నది, ఆ కొలువులోకి చేర్చండి. మెట్లు కట్టడం, ఎడ్లబండి ముందు మట్టి పోసి రోడ్డు వేయడం, మెంతులు చల్లి పొలం మొలిపించడం, ఆ పనే వాళ్ళకు ఆట. మెంతులు పండక్కి నాలుగైదు రోజుల ముందే చల్లమని అత్తగారికి ఫోన్ చెయ్యండి, లేకపోతే మొలకలు రావు.

కౌంటర్లో కూర్చునేవాణ్ణి

బొమ్మల షాపులో పనిచేస్తా. రెండు ముక్కలు చెప్పి పోతా. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు ముద్ర ఒక్కటే చూసి ఊరుకోకండి, దాని దగ్గర లైసెన్సు నంబరు ఉంటుంది, ఆ గుర్తిచ్చే సంస్థవాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరిదో వస్తుంది. రాకపోతే అక్కడ పెట్టేసి వచ్చేయండి. కొండపల్లి, ఏటికొప్పాక వాటి మీద ఈ గుర్తు లేదని కంగారుపడొద్దు, నమోదైన చేతివృత్తులవాళ్ళు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది.

ఇంకోటి, బిల్లు తీసుకోండి. పండగ రష్‌లో బిల్లు లేకుండా పది రూపాయలు తగ్గిస్తామంటారు, ఇంటికెళ్ళాక పనిచేయకపోతే ఆ మొహమే గుర్తుపట్టరు. మా ఓనరు ఇది చదవకూడదు.

గవర్నర్‌పేట గోపి

ఇంత చర్చ ఎందుకు, తలా రెండు వందలు చేతిలో పెడితే పోలా. వాళ్ళకు కావాల్సింది వాళ్ళే కొనుక్కుంటారు.

బ్రాడీపేట మూడో లైను

రెండేళ్ళవాడు రెండు వందలతో ఏం కొంటాడండీ, షేర్లా?

రిటైర్డు లెక్కల మాస్టారు, గుంటూరు

అమ్మా, ఆలస్యంగా చూశాను. ముప్పై ఏళ్ళు పిల్లలతో గడిపినవాడిగా చెప్తున్నాను, మీ గుంపులో అసలు చిక్కు రెండేళ్ళవాడితో కాదు, పన్నెండేళ్ళవాడితో. వాడు ఆటకు దిగితే మిగతా ఆరుగురూ దిగుతారు, వాడు ఫోన్ పట్టుకుని మంచం ఎక్కితే తొమ్మిది, పదకొండేళ్ళ వాళ్ళూ వెనకే ఎక్కుతారు. కాబట్టి ముందు వాడికి తగ్గ ఆట చూడండి.

పులి మేక నేర్పండి. సుద్దముక్క చాలు, అరుగు మీద పటం గీయడమే. పాత గుళ్ళ మండపాల్లో బండల మీద ఈ పటం చెక్కి ఉంటుంది, మీవాళ్ళను ఎక్కడికైనా తీసుకెళ్ళినప్పుడు వెతకమనండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేకలు పులి కదలకుండా చుట్టుముట్టాలి. కొత్తగా ఆడేవాళ్ళు పులే బలమైనదనుకుంటారు. ఆ పెద్దబ్బాయికి మొదటి ఆటలో పులులివ్వండి, రెండో ఆటలో మేకలివ్వండి. మేకలతో గెలవడం ఎలాగో వాడికి వాడే పట్టుకోవాలి, మీరు చెప్పకండి. నా క్లాసులో తొంభై మార్కులవాళ్ళు మేకలతో ఓడిపోయి, వెనక బెంచీవాళ్ళు గెలిచిన రోజులు చాలా ఉన్నాయి, వాళ్ళ మొహాలు చూడాలి.

వామనగుంటల పీట ఒకటి కొనండి, కొంటే ఇరవై ఏళ్ళుంటుంది. వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. గుంటకు నాలుగు గింజలా ఐదా అన్నది ఇంటికో లెక్క, మీ అత్తగారి లెక్కే ఖాయం చేసుకోండి. ఆరేళ్ళ పాపకు కూడికలు, పంచడం ఇందులోనే వస్తాయి, అలాగని పాఠంలా చెప్పారో చెడగొట్టినట్టే. అష్టాచెమ్మాకు ఐదు గళ్ళు అడ్డం, ఐదు నిలువు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్టా, పడినవాళ్ళకు మళ్ళీ పందెం. నర్సమ్మగారు చెప్పింది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆట మంచం మీద ఆడాలి, అయిపోయాక గింజలూ గవ్వలూ లెక్కపెట్టి డబ్బాలో పెట్టాలి, ఆ లెక్క పదకొండేళ్ళ వాళ్ళకు అప్పగించండి, బాధ్యతగా చేస్తారు.

చేతులతో ఏదో ఒకటి చేయాలనే పిల్లలుంటే అరవింద్ గుప్తా గారి పేరు వెతకండి. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, చెత్తలోంచి సైన్సు బొమ్మలు చేయడం నేర్పుతూ జీవితమంతా గడిపారు, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన వెబ్‌సైటులో అన్నీ ఉచితం, తెలుగులోనూ కొన్ని ఉన్నాయి. సైకిల్ వాల్వ్ ట్యూబు చిన్న ముక్కలుగా కోసి, మందు గీకేసిన అగ్గిపుల్లలు అందులో గుచ్చి త్రిభుజాలు, ఇళ్ళు, వంతెనలు కడతారు. త్రిభుజం నొక్కితే కదలదు, చతురస్రం వంగిపోతుంది. ఈ ఒక్క ముక్క నల్లబల్ల మీద చెప్పడానికి నాకు పీరియడ్ పట్టేది.

కృష్ణలంక బుజ్జి

మాస్టారూ, మీరు మా స్కూల్లో ఎందుకు లేరు.

మేడమ్, పుస్తకాలు మర్చిపోకండి. బెజవాడలో పుస్తకాల పండగ ఏటా జనవరి మొదట్లోనే, సంక్రాంతి ముందే కదా. నేషనల్ బుక్ ట్రస్టు, 'మంచి పుస్తకం' (ప్రచురణ సంస్థ పేరే అది) స్టాళ్ళకు వెళ్తే పిల్లల పుస్తకాలు కాఫీ ఖర్చులో వస్తాయి. గాలిపటాలు కొంటే నూలు దారమే అడగండి, నైలాన్ మాంజాను 2017లో గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే కోర్టు) నిషేధించింది, అయినా చాటుగా అమ్ముతూనే ఉన్నారు. బైకు మీద పోయేవాళ్ళ మెడలు తెగుతున్నాయి దానితో.

సత్యనారాయణపురం కోడలు

కొనడం అయిపోయింది. వామనగుంటల పీట 650, లక్కపిడతలు 380, షటిల్ బ్యాట్లు, కాక్‌లు కలిపి 450, పుస్తకాలు ఆరు 420, బొంగరాలు 250, సుద్దముక్కల డబ్బా 20. కొండపల్లి కూడా వెళ్ళొచ్చాం, ఎడ్లబండి 550, మా బాబే ఎంచాడు. మొత్తం 2,720. రెండేళ్ళవాడి బంతి నా పాత వెంకటగిరి చీరతో కుట్టాను. మెంతుల సంగతి చెప్తే మా అత్తగారు ఫోన్‌లోనే నవ్వారు, "నాకు నువ్వు చెప్పాలా" అని. పండగయ్యాక రాస్తాను.

సత్యనారాయణపురం కోడలు

ఊరి నుంచి వచ్చి మూడు రోజులైంది, బట్టలు ఉతకడంతోనే సరిపోయింది. ఏమైందో ఉన్నదున్నట్టు రాస్తున్నా.

మా తోడికోడలు ఈసారి డ్రోన్ తెచ్చింది. బాగుంది, అబద్ధమెందుకు, మేమందరం కూడా నోళ్ళు తెరుచుకుని చూశాం. చార్జింగ్ పెట్టిన ప్రతిసారీ పది నిమిషాలు ఎగిరేది, మళ్ళీ గంట ఆగాలి. ఆ గంటలో పులి మేక నడిచింది. మాస్టారు చెప్పినట్టే పెద్దబ్బాయికి మేకలిస్తే వరసగా నాలుగు ఆటలు ఓడిపోయి, రాత్రి అన్నం తింటూ కూడా పళ్ళెంలో మెతుకులు పెట్టి లెక్కలేసుకున్నాడు. కనుమ నాడు గెలిచాడు. మా ఆడపడుచు కూతురి మీద, పదకొండేళ్ళది, అది మళ్ళీ వాడితో మాట్లాడలేదు.

వామనగుంటల పీట పిల్లలకు దొరకనేలేదు. మా అత్తగారు, తోడికోడలు రెండు రోజులు దాన్ని వదల్లేదు. గుంటకు నాలుగే అని అత్తగారు, మా పుట్టింట్లో ఐదు అని ఆవిడ. చివరికి "ఈ పీట బెంగళూరు తీసుకెళ్ళనా" అని నన్నే అడిగింది. ఇచ్చేశాను. నాకు మళ్ళీ 650 ఖర్చు, అది వేరే సంగతి.

లక్కపిడతల్లో తిరగలి పిడి ఊడింది, ఫెవికాల్ పెట్టాం. పుస్తకాలు రెండే తెరిచారు. ఎడ్లబండి కొలువులో మెంతి పొలం పక్కన పెట్టాం, ఇంకా విరగలేదు. రెండేళ్ళవాడు బంతిని ఆవుకు తినిపించబోయాడు. దండగైనవి బొంగరాలే. తాడు చుట్టడం ఒక్కరికీ రాలేదు, మా మామగారు ఒక్కరే తిప్పారు, పిల్లలు వేస్తే పక్కకు దొర్లిపోయాయి. మా బాబు ఇప్పుడు ఇక్కడ మేడ మీద రోజూ ప్రయత్నిస్తున్నాడు, రావట్లేదు. ఏం చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డు లెక్కల మాస్టారు, గుంటూరు

నున్నటి నైలాన్ తాడు ఇచ్చి ఉంటారమ్మా, అది జారిపోతుంది. నూలు తాడు తీసుకుని కొంచెం తడపండి. మేకు దగ్గర మొదలుపెట్టి పైకి, చుట్టు పక్కన చుట్టు ఆనేలా బిగించి చుట్టాలి, తాడు చివర ముడి వేళ్ళ మధ్య పట్టుకోవాలి. విసిరేటప్పుడు కిందికి కాదు, ముందుకి విసిరి చెయ్యి వెనక్కి లాగాలి. మేడ మీద గచ్చు నున్నగా ఉంటే మేకు జారుతుంది, మట్టి నేల మీద మొదలుపెట్టమనండి. పక్కన మిగతా పిల్లల్ని దూరంగా నిలబెట్టండి, మొదట్లో ఎటు పోతుందో వాడికే తెలియదు.